1099 ఆదాయం మీద ఆ 5,935 డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయి: సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది టెక్సస్‌లో. మీవారికి హెచ్1 (వర్క్ వీసా) మీద డబ్ల్యూ-2 ఉద్యోగం (కంపెనీ జీతంలోంచే టాక్స్ కోసే మామూలు ఉద్యోగం), జీతం 1,85,000 డాలర్లు. మీకు హెచ్4 ఈఏడీ (హెచ్1 వాళ్ళ భార్యాభర్తలకి ఇచ్చే పని అనుమతి) వచ్చాక 2025లో ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని 1099 మీద, అంటే ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా, టాక్స్ కోయకుండా డబ్బు తీసుకుని చేశారు. 48,000 డాలర్లు వచ్చాయి, 6,000 ఖర్చులు పోగా 42,000 మిగిలాయి. ఇద్దరూ కలిపి రిటర్ను వేస్తుంటే సాఫ్ట్‌వేర్ మీ మీద విడిగా 5,935 డాలర్ల టాక్స్ చూపిస్తోంది. స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) ఉండగా ఇదేమిటి, మావారు సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) పరిమితి దాటేశారు కదా మళ్ళీ నేనెందుకు కట్టాలి, ఎల్ఎల్‌సీ (సొంత చిన్న కంపెనీ) పెడితే పోతుందా, పెనాల్టీ పడుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

సాఫ్ట్‌వేర్ లెక్క సరిగ్గానే ఉందండీ. నేను ఇక్కడ టాక్స్ రిటర్నులు తయారుచేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. మొదటి ఏడాది 1099 చూసినవాళ్ళలో చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోయి, ఏదో తప్పు జరిగిందని ఖర్చులు పెంచి రాయడమో, ఆదాయం చూపించకుండా వదిలేయడమో చేస్తారు. రెండూ వద్దు. ఇది ఎలా వచ్చిందో తెలిస్తే ఎక్కడ న్యాయంగా తగ్గించుకోవచ్చో కూడా తెలుస్తుంది.

ముందు ఒక విషయం. ఇది ఇన్‌కమ్ టాక్స్ కాదు. అదే 1040 (ఏటా వేసే రిటర్ను) ఫారంతో పాటు వెళ్తుంది, అదే ఐఆర్ఎస్‌కి (ఫెడరల్ టాక్స్ శాఖకి) కడతారు, కానీ దీని లెక్క వేరు, నియమాలు వేరు. ఇది సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కి (పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమాకి) మీరు కట్టే చందా. మీవారి పే స్టబ్ తీసి చూడండి. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం, మొత్తం 7.65 శాతం కోసి ఉంటారు. పే స్టబ్‌లో కనబడనిది ఇంకొకటి ఉంది. సరిగ్గా అంతే మొత్తం ఆయన కంపెనీ తన జేబులోంచి కలిపి ప్రభుత్వానికి కడుతుంది. మన దగ్గర పీఎఫ్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా ఉన్నట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఆ డబ్బు మీ పేరున ఖాతాలో జమ కాదు, మీ రికార్డులో ఆదాయంగా నమోదవుతుంది. 1099 మీద పనిచేస్తే మీకు యజమాని లేరు. చట్టం దృష్టిలో ఉద్యోగీ మీరే, యజమానీ మీరే. అందుకే రెండు వాటాలూ మీ మీదే పడతాయి: సోషల్ సెక్యూరిటీకి 12.4, మెడికేర్‌కి 2.9, కలిపి 15.3 శాతం. సొంతంగా పనిచేసుకునేవాళ్ళని సోషల్ సెక్యూరిటీలోకి తెచ్చింది 1950 నాటి సవరణ, 1951 నుంచి అమల్లో ఉంది. కొత్తగా పెట్టిన భారమేమీ కాదు.

ఇప్పుడు మీ అంకె. షెడ్యూల్ సి (రిటర్నులో వ్యాపార లాభనష్టాల పత్రం)లో ఆదాయం 48,000, ఖర్చులు 6,000, మిగులు 42,000. ఈ మిగులు షెడ్యూల్ ఎస్ఈకి (సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ లెక్కకట్టే పత్రానికి) వెళ్తుంది. అక్కడ ముందుగా 92.35 శాతంతో గుణిస్తారు. ఈ వింత అంకె ఎందుకని అందరూ అడుగుతారు. వందలోంచి 7.65 తీసేస్తే వచ్చేదే అది. కంపెనీ కట్టే యజమాని వాటాని ఉద్యోగి జీతంగా లెక్కేసి దాని మీద మళ్ళీ టాక్స్ వేయరు కదా, ఆ వెసులుబాటే మీకూ ఇచ్చారు. 42,000 లో 92.35 శాతం అంటే 38,787. దాని మీద 12.4 శాతం 4,810, 2.9 శాతం 1,125. కూడితే 5,935. చేత్తో త్వరగా వేసుకోవాలంటే మిగులుని 14.13 శాతంతో గుణించండి, దాదాపు అదే వస్తుంది.

ఇందులో సగం, 2,968 డాలర్లు, షెడ్యూల్ 1లో మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. ఇది కూడా యజమాని వాటాకి ఇచ్చే గుర్తింపే. కానీ ఈ తగ్గింపు ఇన్‌కమ్ టాక్స్ లెక్కకి మాత్రమే. 5,935 అలాగే ఉంటుంది.

స్టాండర్డ్ డిడక్షన్ సంగతీ ఇంతే. 2025లో జంటకి 31,500 డాలర్లు. అది ఇన్‌కమ్ టాక్స్‌ని తగ్గిస్తుంది, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్‌ని తాకదు. వ్యాపార ఆదాయం మీద వచ్చే 20 శాతం క్యూబీఐ డిడక్షన్, సెప్ ఐఆర్ఏ, సోలో 401కే, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాల్లో వేసే డబ్బు, మార్ట్‌గేజ్ వడ్డీ, గుడికిచ్చిన విరాళం, వీటిలో ఏ ఒక్కటీ దీన్ని రూపాయి కూడా తగ్గించదు. దీన్ని తగ్గించేది ఒకే ఒక్క చోటు: షెడ్యూల్ సిలో రాసే వ్యాపార ఖర్చు. అందుకే ఇంట్లో పిల్లల చదువులూ బీమాలూ ఎన్ని ఉన్నా, ఏమీ లేని ఒంటరి మనిషికి 42,000 మిగులు మీద పడేది, మీకు పడేది ఒకే 5,935.

అన్యాయంగా అనిపించే ఇంకో ముక్క ఉంది. ఆదాయం తక్కువైతే ఇన్‌కమ్ టాక్స్ సున్నా కావచ్చు, ఇది కాదు. మిగులులో 92.35 శాతం లెక్కేస్తే అది 400 డాలర్లకి చేరితే చాలు, షెడ్యూల్ ఎస్ఈ వేయాల్సిందే. ఇంట్లో పిల్లలకి సంగీతం నేర్పి, పచ్చళ్ళు పెట్టి అమ్మి ఏడాదికి మూడు వేలు మిగుల్చుకునేవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. జెల్ (Zelle) యాప్‌లో పంపినా, నగదు ఇచ్చినా అంతే. కాగితం రాలేదు కాబట్టి ఆదాయం లేదనుకోకండి. 2025 వరకు 600 డాలర్లు దాటితే 1099-ఎన్ఈసీ ఇచ్చేవారు, 2026లో చేసే చెల్లింపుల నుంచి ఆ గీత 2,000 అయింది. ఆ గీత కంపెనీ కాగితం ఇవ్వడానికి. మీరు ఆదాయం చూపించడానికి కాదు.

మీ రెండో ప్రశ్నలో చాలామంది పడే పొరపాటు ఉంది. సోషల్ సెక్యూరిటీ భాగానికి ఏడాదికి ఒక పై పరిమితి ఉంటుంది, 2025లో 1,76,100 డాలర్లు. 2026కి అది 1,84,500. మీవారి జీతం అది దాటింది కాబట్టి ఆయనకి ఏడాది చివర్లో 6.2 శాతం కోత ఆగిపోయి ఉంటుంది. కానీ ఆ పరిమితి మనిషికి, ఇంటికి కాదు. జాయింట్‌గా రిటర్ను వేసినా షెడ్యూల్ ఎస్ఈ ఎవరిది వారిదే. ఆయన కట్టింది ఆయన రికార్డులోకి, మీరు కట్టింది మీ రికార్డులోకి. ఆయన పరిమితి మీకు పనికిరాదు.

అదే ఒకే మనిషికి జీతమూ, 1099 రెండూ ఉంటే కథ మారుతుంది. గ్రీన్ కార్డ్ ఉన్న ఒకాయనకి 2025లో 1,50,000 జీతం, దానికి తోడు సొంత కన్సల్టింగ్‌లో 50,000 మిగులు అనుకుందాం. ఎస్ఈ లెక్కకి వచ్చేది 46,175. పరిమితిలో జీతం ముందు కూర్చుంటుంది, మిగిలేది 26,100. అంతవరకే 12.4 శాతం, అంటే 3,236. మెడికేర్‌కి పరిమితి లేదు కాబట్టి 46,175 మొత్తం మీద 2.9 శాతం, 1,339. మొత్తం 4,575. జీతం లేకపోతే అదే మిగులు మీద 7,065 పడేది. అలాంటివాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ-2 ఎక్కించాక షెడ్యూల్ ఎస్ఈలో ఆ జీతం వచ్చిందో లేదో తప్పకుండా చూసుకోవాలి. ముఖ్యంగా డబ్ల్యూ-2ని భార్య పేరు మీద పొరపాటున ఎక్కిస్తే తేడా వేలల్లో ఉంటుంది.

ఇంటి మొత్తానికి కలిపి చూసేది ఇంకొకటి ఉంది, అదనపు మెడికేర్ టాక్స్. జాయింట్ రిటర్నులో జీతాలూ, ఎస్ఈ ఆదాయమూ కలిపి 2,50,000 దాటితే, దాటిన దాని మీద 0.9 శాతం. మీకు 1,85,000, 38,787 కలిపితే 2,23,787, అందుకే ఈ ఏడాది పడలేదు. ఆయన జీతమో మీ కాంట్రాక్టో పెరిగితే 8959 ఫారం వస్తుంది. ఈ 2,50,000 గీత 2013లో పెట్టింది, ధరలతో పాటు పెరగదు, కాబట్టి ఏటేటా మన ఇళ్ళలో ఎక్కువమంది దీని కిందకి వస్తున్నారు.

మరి మీ 42,000 మీద నిజంగా మొత్తం ఎంత పోతుంది? ఎస్ఈ టాక్స్ 5,935. ఇన్‌కమ్ టాక్స్‌కి 42,000లోంచి 2,968 తీసేస్తే 39,032, దాని మీద 20 శాతం క్యూబీఐ తగ్గింపు 7,806 పోతే 31,226. మీ ఇంటి ఆదాయానికి ఇది 22 శాతం బ్రాకెట్‌లో పడుతుంది, 6,870. రెండూ కలిపి 12,805, అంటే మిగులులో 30 శాతం కాస్త దాటి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి అక్కడితో ఆగింది, కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉంటే ఇంకా పైన పడేది. కంపెనీ నుంచి డబ్బు పడిన రోజే అందులో 30 శాతం వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేయండి. ఆ డబ్బు మీది కాదన్నట్టే ఉండండి. ఈ ఒక్క అలవాటు ఉన్నవాళ్ళు ఏప్రిల్‌లో నా దగ్గరికి ప్రశాంతంగా వస్తారు.

ఖర్చుల దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఇదే. మీ పరిస్థితిలో 1,000 డాలర్ల నిజమైన వ్యాపార ఖర్చు రాస్తే రెండు టాక్సులూ కలిపి దాదాపు 300 తగ్గుతుంది. పని కోసం కొన్న ల్యాప్‌టాప్, మానిటర్ 2,500 లోపు ఉంటే డి మినిమిస్ ఎలక్షన్ (రిటర్నుతో జతచేసే ఎంపిక) పెట్టి ఆ ఏడాదే పూర్తిగా రాసుకోవచ్చు. టెస్టింగ్ టూల్స్ సబ్‌స్క్రిప్షన్లు, ఇంటర్నెట్‌లో, ఫోన్‌లో పనికి వాడిన వాటా, పనికి సంబంధించిన కోర్సులు, క్లయింట్ దగ్గరికి మీ కారులో వెళ్తే 2025కి మైలుకి 70 సెంట్లు, ఇవన్నీ సరే. ఇంట్లో ఒక గదినో, గదిలో ఒక భాగాన్నో పనికి మాత్రమే, క్రమం తప్పకుండా వాడుతుంటే సింపుల్ పద్ధతిలో చదరపు అడుగుకి 5 డాలర్లు, 300 అడుగుల వరకు. పనికి మాత్రమే అన్న మాట గట్టిగా పట్టుకోండి. సాయంత్రం పిల్లలు హోంవర్క్ చేసుకునే డైనింగ్ టేబుల్ హోం ఆఫీస్ కాదు. ఇంట్లోనే పనిచేస్తూ కాస్ట్‌కో వెళ్ళిన మైళ్ళు వ్యాపార మైళ్ళు కావు. ఇలాంటివి రాసిచ్చే ప్రిపేరర్లు ఉన్నారు, రీఫండ్ పెద్దదిగా కనిపిస్తుంది, మూడేళ్ళ తర్వాత నోటీసు వస్తే సంతకం పెట్టింది మీరే, గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్నదీ మీరే. రసీదులు ఫోన్‌లో ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, వీలైతే వ్యాపారానికి ఒక బ్యాంక్ ఖాతా, ఒక కార్డు విడిగా పెట్టుకోండి.

ఎల్ఎల్‌సీ గురించి. మీరొక్కరే సభ్యురాలిగా ఎల్ఎల్‌సీ పెడితే ఐఆర్ఎస్ దాన్ని లేనట్టే చూస్తుంది. అదే షెడ్యూల్ సి, అదే 15.3 శాతం. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా నిజానికి ఎస్ కార్పొరేషన్ గురించి. అందులో మీకు మీరే న్యాయమైన జీతం ఇచ్చుకుని దాని మీద మాత్రం 15.3 శాతం కట్టి, మిగతా లాభం పంపిణీగా తీసుకుంటారు, దాని మీద ఈ టాక్స్ పడదు. వినడానికి బాగుంటుంది. కానీ నెలనెలా పేరోల్ నడపాలి, మార్చి 15కల్లా 1120-ఎస్ అనే వేరే రిటర్ను వేయాలి, దానికి సీపీఏ (అకౌంటెంట్) ఫీజు. 42,000 మిగులులో మీ పనికి న్యాయమైన జీతం తీసేస్తే మిగిలేది ఎంత? ఆదా అయ్యేది ఈ ఖర్చులకే పోతుంది. నా అభిప్రాయంలో ఈ స్థాయి ఆదాయానికి అది వద్దు, మిగులు ఇంతకి రెట్టింపు దాటాక కూర్చుని లెక్క వేసుకోవచ్చు. ఇంకో సంగతి, మీవారిని ఇందులో పనిచేసే భాగస్వామిగా చూపించకండి. హెచ్1 మీద ఉన్నవాళ్ళకి అది టాక్స్ సమస్య కాదు, ఇమ్మిగ్రేషన్ సమస్య.

ఎల్ఎల్‌సీ కంటే ముందు ఆలోచించాల్సింది రేటు. గంటకి 50 డాలర్ల డబ్ల్యూ-2 ఉద్యోగికి కంపెనీ తన వాటా 7.65 శాతం కలిపి 53.83 ఖర్చు పెడుతుంది. మిమ్మల్ని అదే 50కి 1099 మీద తీసుకుంటే ఆ 3.83 మీ మీదకి నెట్టినట్టే, సెలవులూ నిరుద్యోగ బీమా పోయినవి కాక. కాంట్రాక్ట్ రెన్యూవల్‌కి వచ్చినప్పుడు ఈ అంకె చెప్పి అడగండి. అడిగితే ఇచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. అలాగే, మీరు ఏ గంటలకి కూర్చోవాలో, ఏ పద్ధతిలో చేయాలో, ఎవరికి రిపోర్ట్ చేయాలో అన్నీ కంపెనీయే శాసిస్తుంటే మీరు కాంట్రాక్టర్ కాదు, ఉద్యోగి. కాగితం మీద 1099 అని రాసుకుంటే ఆ నిజం మారదు. అలాంటప్పుడు ఎస్ఎస్-8 అనే ఫారంతో ఐఆర్ఎస్‌నే తేల్చమని అడగవచ్చు.

పెనాల్టీకి వద్దాం. రిటర్ను వేసేటప్పుడు 1,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ బాకీ తేలితే, ఏడాది పొడవునా వాయిదాల్లో ఎందుకు కట్టలేదని అడుగుతారు. తప్పించుకునే దారులు రెండు. ఈ ఏడాది మొత్తం టాక్స్‌లో 90 శాతం సమయానికి కట్టి ఉండాలి, లేదా పోయిన ఏడాది మొత్తం టాక్స్‌కి సమానంగా కట్టి ఉండాలి. పోయిన ఏడాది ఏజీఐ (కొన్ని తగ్గింపులు పోయాక మిగిలే మొత్తం ఆదాయం) 1,50,000 దాటిన మీలాంటి ఇళ్ళకి అది 110 శాతం. మీవారి విత్‌హోల్డింగ్ (జీతంలోంచి కోసిన టాక్స్) 2024 రిటర్నులోని మొత్తం టాక్స్‌కి 110 శాతం ఉంటే మీకు పెనాల్టీ లేదు, ఎంత బాకీ ఉన్నా ఏప్రిల్ 15 లోపు కడితే చాలు. ముందు అది చూడండి. తక్కువైనా భయపడొద్దు, అది వడ్డీ లాంటిది, 2025లో ఏడాదికి 7 శాతం చొప్పున, కట్టని భాగం మీద, కట్టని రోజులకే.

ఇకముందు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 1040-ఈఎస్ వాయిదాలు: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, వచ్చే జనవరి 15. మూడేసి నెలలకి అనుకుని జూన్ వాయిదా మరిచిపోతారు, ఏప్రిల్‌కీ జూన్‌కీ మధ్య ఉన్నది రెండే నెలలు. ఐఆర్ఎస్ డైరెక్ట్ పేలో కట్టేటప్పుడు ఏ సంవత్సరానికో సరిగ్గా ఎంచుకోండి, జనవరి వాయిదా పోయిన సంవత్సరానిది. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. మీవారు తన డబ్ల్యూ-4 (ఎంత టాక్స్ కోయాలో కంపెనీకి చెప్పే ఫారం)లో 4(సి) గడిలో ప్రతి పే చెక్ నుంచి అదనంగా కొంత కోయమని రాస్తే మీ టాక్స్ కూడా అందులోనే వెళ్ళిపోతుంది. పైగా విత్‌హోల్డింగ్‌ని ఏడాదంతా సమానంగా కట్టినట్టు లెక్కేస్తారు. అంటే అక్టోబర్‌లో మేల్కొని మిగిలిన చెక్‌లలో ఎక్కువ కోయించినా సరిపోతుంది. వాయిదాలకి ఆ సౌకర్యం లేదు.

మీరు అడగలేదు కానీ మీ చుట్టుపక్కలవాళ్ళకి పనికొచ్చేవి రెండు. ఎఫ్1 ఓపీటీ (స్టూడెంట్ వీసా వాళ్ళకి ఇచ్చే పని అనుమతి) మీద 1099 పని చేసిన పిల్లలు, వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సాధారణంగా నాన్ రెసిడెంట్లు. వాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్ ఉంది, ఈ టాక్స్ లేదు. వాళ్ళు వేయాల్సింది 1040-ఎన్ఆర్. మామూలు 1040 వేసే సాఫ్ట్‌వేర్ వాడి అనవసరంగా 15.3 శాతం కట్టేస్తున్నారు. రెండోది దీనికి తిరగేసి ఉంటుంది. అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి హైదరాబాద్‌కి వెళ్ళి ఫ్రీలాన్స్ చేసేవాళ్ళు, విదేశీ ఆదాయ మినహాయింపుతో ఇన్‌కమ్ టాక్స్ తప్పించుకున్నా ఇది తప్పించుకోలేరు. అమెరికాకీ భారత్‌కీ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. ఇది రాకపోకల్లో ఉన్న మనవాళ్ళకి జరుగుతున్న నష్టం, దీని మీద గట్టిగా అడగాల్సినవాళ్ళు అడగాలి.

చివరగా, ఈ 5,935 గురించి మీరు వాడిన మాట "దండగ". ఆ మాటతో నేను ఒప్పుకోను. ఇన్నాళ్ళూ ఈ దేశంలో ఆదాయం రికార్డంతా మీవారి పేరునే ఉంది. సోషల్ సెక్యూరిటీ అర్హతని క్రెడిట్లతో లెక్కిస్తారు, 2025లో 1,810 డాలర్ల ఆదాయానికి ఒక క్రెడిట్ చొప్పున ఏడాదికి గరిష్ఠంగా నాలుగు. ఈ రిటర్నుతో మీ పేరున నాలుగూ పడతాయి. 40 పూర్తయితే రిటైర్మెంట్ పెన్షన్, ప్రీమియం లేకుండా మెడికేర్ పార్ట్ ఎ (ఆసుపత్రి బీమా) మీ సొంత హక్కు మీద వస్తాయి, మధ్యలో పని ఆపినా పడిన క్రెడిట్లు పోవు. డిసెబిలిటీ బెనిఫిట్‌కి భర్త రికార్డు పనికిరాదు, సొంత రికార్డే కావాలి. పెళ్ళయి పదేళ్ళు నిండకుండా విడిపోతే మాజీ భర్త రికార్డు మీద రిటైర్మెంట్ బెనిఫిట్ కూడా రాదు. ఎవరికీ అలా జరగకూడదనే కోరుకుంటాం, కానీ హెచ్4 మీద ఉన్న ప్రతి అమ్మాయికీ ఈ విషయం తెలిసి ఉండాలని నా పట్టుదల.

అందుకే రిటర్ను వేసేటప్పుడు షెడ్యూల్ ఎస్ఈ మీద మీ పేరు, మీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉన్నాయో లేదో చూడండి, మీవారివి పడితే క్రెడిట్లు ఆయనకి వెళ్తాయి. తర్వాత సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ పేరున ఖాతా తెరిచి, కొన్ని నెలలాగి 2025 ఎదురుగా 38,787 కనిపిస్తోందో లేదో సరిచూసుకోండి. కనిపించకపోతే రిటర్ను కాపీ పట్టుకుని వెంటనే దిద్దించుకోండి. స్వయం ఉపాధి ఆదాయానికి గడువుంది, ఆ సంవత్సరం ముగిశాక మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజులు. ఆ గడువులోగా రిటర్ను వేయని ఆదాయానికి తర్వాత టాక్స్ కట్టినా మామూలుగా క్రెడిట్ రాదు.